కాపురం ఖరగ్‌పూర్‌లో, కస్టడీ కేసు శ్రీకాకుళంలో

ఝపటాపూర్ లాంటి చోట తెలుగు దంపతులు విడిపోతే పిల్లలకు దూరమయ్యేది తండ్రి ఒక్కడే కాదు. బడి, వీధి, స్నేహితులతో మాట్లాడే బెంగాలీ, హిందీ కూడా దూరమవుతాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఉత్తరాంధ్రతో పెళ్లి సంబంధాలు ఇంకా తెగలేదు. గొడవ ముదిరితే తల్లి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి రైలెక్కుతుంది. విశాఖ అయితే 700 కిలోమీటర్లకు పైనే.

అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ ప్రకారం భార్య తానుంటున్న ఊళ్లోనే విడాకుల కేసు వేయవచ్చు. పిల్లల సంరక్షణకు మాత్రం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉంది. దాని ప్రకారం బిడ్డ 'సాధారణంగా నివసించే' చోటి కోర్టుకే అధికారం. అది మేదినీపూరా, శ్రీకాకుళమా? ఈ ఒక్క మాట మీదే నెలలు గడిచిపోతాయి. దాంతో బిడ్డను ముందుగా ఎవరు తీసుకెళితే వాళ్లదే పైచేయి అన్న ధీమా రెండు వైపులా పెరుగుతుంది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టం చెబుతోంది. ఆ వయసు దాటాకే లాగులాట ఎక్కువ.

విడాకులు తీసుకున్న ఇళ్ల పిల్లలంతా చెడిపోతారన్నది అపోహ. అమెరికా పరిశోధకురాలు మేవిస్ హెదరింగ్టన్ దశాబ్దాల అధ్యయనంలో అలాంటి పిల్లల్లో సుమారు 25 శాతం మందికే తీవ్రమైన సమస్యలు కనిపించాయి. కలిసున్న కుటుంబాల్లో అది 10 శాతం. తేడా చిన్నదేమీ కాదు, కానీ ఎక్కువమంది నిలదొక్కుకున్నారు. విడాకుల కాగితం కన్నా ముందూ వెనకా సాగే తగువే పిల్లల్ని ఎక్కువ కుంగదీస్తుంది.

పరస్పర అంగీకార విడాకుల్లో 'నెలకు రెండు ఆదివారాలు తండ్రి చూడవచ్చు' అని రాసుకోవడం మామూలే. ఒకే ఊళ్లో ఉంటే సరే. షిఫ్టు డ్యూటీ చేసే ఖరగ్‌పూర్ రైల్వే ఉద్యోగి నెలకు రెండుసార్లు శ్రీకాకుళం ఎలా వెళ్తాడు? 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చూసే హక్కుతో పాటు ఫోన్, వీడియో కాల్‌లో మాట్లాడే హక్కూ ఉండాలంది. రోజూ ఐదు పది నిమిషాలైనా మాట్లాడనివ్వాలని చెప్పింది. ఒప్పందంలో ఆ వేళను కూడా రాయించుకోవచ్చు. సెలవుల్లో ప్రయాణ ఖర్చు ఎవరిదో, వేసవిలో బిడ్డ ఎక్కడుంటాడో కూడా అందులోనే తేల్చుకోవాలి. ఉమ్మడి సంరక్షణను చట్టంలో చేర్చాలని లా కమిషన్ 2015లోనే సిఫారసు చేసింది. అది ఇంకా చట్టం కాలేదు.

డబ్బు సంగతి కొంత నయం. గృహహింస చట్టం కింద భరణాన్ని యజమాన్యమే నేరుగా చెల్లించేలా మెజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. రైల్వే జీతగాడి విషయంలో ఇది పనికొస్తుంది. కాంట్రాక్టు కూలీ అయితే పట్టుకోవడానికి జీతం చిట్టా కూడా ఉండదు.