వేడుక చెరువునకు కావలి యెవరు?

సేద్యమునకై నిలిచిన నీటికిని, విహారమునకై నిలిచిన నీటికిని బరువునందు భేదము లేదు. కట్టమీద అది చేయు ఒత్తిడి యొక్కటియే. గండిపడిననాడు దిగువనున్న పల్లెకు కలిగించు కీడును ఒక్కటియే. ఈ సామాన్యసత్యమును మరచి, చిన్నదనియు, వేడుకకై యున్నదనియు ఉపేక్షించిన మట్టికట్టలు పలుమారు ప్రాణములను బలిగొన్నవి.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమందలి సౌత్ ఫోర్క్ కట్ట చరిత్రము ఇందుకు ప్రబల నిదర్శనము. 1853లో పూర్తియైన ఈ మట్టికట్ట యెత్తు 72 అడుగులు, పొడవు 931 అడుగులు. రాష్ట్రప్రభుత్వమువారు తమ రవాణా కాలువకు నీటికొరత తీర్చుటకై దీనిని నిర్మించిరి. అడుగునుండి నీరు విడుచుటకు ఐదు ఇనుపగొట్టములను, ప్రక్కన అలుగును అమర్చిరి. రైలుమార్గము రాగా కాలువతో పనిలేకపోయెను. కట్ట చేతులు మారెను. 1862లో ఒకసారి తెగెను. పిదప ఒక యజమాని ఆ గొట్టములను పెకలించి పాతయినుముగా అమ్మివేసెను. 1879లో పిట్స్‌బర్గు శ్రీమంతులు వేటకును, చేపలు పట్టుటకును ఒక సంఘముగా ఏర్పడి ఆ జలాశయమును కైవసము చేసికొనిరి. కార్నెగీ, ఫ్రిక్ వంటి కోటీశ్వరులు అందు సభ్యులైరి. గండిని పూడ్చిరి గాని గొట్టములను మరల అమర్పలేదు. కట్టమీద బండ్లు నడుచుటకై దాని శిరోభాగమును కొంత తగ్గించి వెడల్పుచేసిరి. పెంచుకొన్న చేపలు దాటిపోకుండ అలుగునకు జల్లెడలు అడ్డుపెట్టిరి.

ఆ కట్టకు 14 మైళ్ల దిగువన జాన్స్‌టౌన్ పట్టణము కలదు. అచ్చటి ఇనుప కర్మాగారపు అధిపతి డేనియల్ మారెల్ 1880లో జాన్ ఫుల్టన్ అను ఇంజనీరును పంపి కట్టను పరీక్ష చేయించెను. కట్టనుండి నీరు ఊరుచున్నదనియు, మరమ్మతు చేయవలెనన్నను నీటిని దింపుటకు సాధనమే లేదనియు ఆతడు తెలిపెను. బాగుచేయుదురేని ఖర్చులో కొంత తామును భరింతుమని మారెల్ వ్రాసెను. సంఘమువారు అంగీకరింపలేదు, తమవలన దిగువవారికి అపాయము లేదని బదులిచ్చిరి. 1889 మే 31వ తేదీని కుంభవృష్టిచే నీరు కట్టపై పొరలి నడిమిభాగమును కోసివేసెను. సుమారు రెండుకోట్ల టన్నుల నీరు లోయవెంటబడి, గంటసేపటిలో పట్టణమును ముంచెను. 2,209 మంది మరణించిరి. బాధితులలో ఒక్కరికైనను న్యాయస్థానములందు ఆ సంఘమునుండి పరిహారము లభింపలేదు.

ఇది పాతకథ యని త్రోసివేయ వీలులేదు. 1977 నవంబరు 6వ తేదీని తెల్లవారకమునుపే, జార్జియా రాష్ట్రమున టొకోవా పట్టణ సమీపమందలి కెల్లీ బార్న్స్ కట్ట తెగెను. విద్యుదుత్పత్తికై పనిచేసి, 1957లో ఆ పని ముగిసినపిదప, అది విహారసరస్సుగా మిగిలెను. దాని యెత్తు సుమారు 40 అడుగులు మాత్రమే. దిగువనున్న కళాశాల ఆవరణమున నిద్రించుచున్నవారు కొట్టుకొనిపోయి, 39 మంది అసువులు బాసిరి. అంతటి అనర్థము జరిగినపిమ్మట గాని అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వేతరుల కట్టల తనిఖీకి ఉత్తరువు చేయలేదు.

ఈ రెండింటను ఒక్కటే జాడ్యము గోచరించుచున్నది. కట్టకు పనిపోయెను, నీరు మాత్రము నిలిచెను. పైరు నమ్ముకొన్న రైతులు తమ బ్రతుకుకొరకే చెరువును కనిపెట్టియుందురు. నీరటికాడు తూమును చూచును. వేసవిలో నీరు తగ్గగనే కట్ట లోవాలు ఊరందరి కంటబడును. వేడుక చెరువున అట్లుగాదు. పడవలు తిరుగుటకు నీరు సదా నిండుగా ఉండవలెను. కావున లోవాలు ఎన్నడును బయటపడదు. వచ్చువారి చూపు నీటి తళుకుమీదనే గాని కట్ట వెలుపలి పాదమున కనబడు చెమ్మమీద నిలువదు. నీడకని పెంచిన వృక్షముల వేళ్లు కట్టలోనికి చొచ్చును. ఎలుకలు కలుగులు త్రవ్వును. ఊట బురదరంగు తిరిగెనేని, లోపలి మన్ను కొట్టుకొనివచ్చుచు బుంగ ఏర్పడుచున్నదని ఎరుంగవలెను. అలుగు మూసుకొనిపోయిన కట్టను ఒక్క రాత్రి వాన తెంపగలదు.

మన పూర్వులు ఈ శాస్త్రమును ఎరుగనివారు కారు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువును త్రవ్వించిన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనము చెరువులకుండు దోషములను లెక్కించుచు, కట్టనుండి నీరు స్రవించుటను వానిలో చేర్చినది. నేడు మన పట్టణముల చెంతనున్న చెరువులకు ఆయకట్టు కరిగిపోయి, కట్టలు వాహ్యాళిబాటలగుచున్నవి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ క్రింద తెలంగాణమున నియోజకవర్గమునకొక చిన్న ట్యాంకుబండు సంకల్పింపబడెను. ప్రజలకు ఆహ్లాదస్థలము కావలసినదే. దానిని మేము ఆక్షేపింపము. కాని దీపములకును, పూలమొక్కలకును ధనమిచ్చువారు తూమునకును, అలుగునకును ముందుగా ఇయ్యవలదా?

2021నాటి జలాశయ భద్రతా చట్టము 15 మీటర్లకు మించిన కట్టలకును, కొన్ని లక్షణములు గల 10 మొదలు 15 మీటర్ల కట్టలకును మాత్రమే వర్తించును. అంతకు చిన్నవి దాని పరిధికి వెలుపలనే నిలిచినవి. చిన్నవానికి ఇంత తనిఖీ ఏల యని కొందరు అడుగవచ్చును. కట్ట యెత్తునుబట్టి గాక, దాని క్రింద నిద్రించువారి సంఖ్యనుబట్టి అపాయమును కొలువవలెనని మా సమాధానము.

కావున రాష్ట్రప్రభుత్వములు ఇట్టి కట్టలకెల్ల పట్టికలు వ్రాయించి, ఏటేట తొలకరికి ముందు ఇంజనీరులచే పరీక్ష చేయించి, ఆ నివేదికలను తెలుగున దిగువ గ్రామములందు ప్రకటింపవలసియున్నది. అలుగునకు అడ్డములు తొలగింపవలెను; నీరు దింపు సాధనములేని జలాశయమున విహారమునకు అనుమతి ఇయ్యరాదు. మరమ్మతు వ్యయము నీటివలన లాభమందువారిదే కావలెను. గట్టుమీదివారి వినోదమునకు దిగువవారు ప్రాణములను పూచీపెట్టుట న్యాయము కాదు.