పెట్టె గొంతు, ఫోను గొంతు

కరీంనగర్‌లో ఒక ఇంటి వైఫై పెట్టె నాలుగు గదులు దాటి పెరట్లో కూడా అందుతుంది. ఆదిలాబాద్‌లో మరో ఇంటి పెట్టె వంటింటి గడప తొక్కదు. "అంతా ఖరీదులో ఉందండీ!" అంటాడు దుకాణదారు. అందులో నిజం కొంతే.

ఎంత గట్టిగా అరవాలన్నది పెట్టె ఇష్టం కాదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోనిస్తూ 2005లో మన ప్రభుత్వం ఒక హద్దు పెట్టింది. యాంటెన్నా బలంతో కలిపి 4 వాట్లు మించరాదు. ఇళ్లలోని పెట్టెలు సాధారణంగా అంతకు చాలా దిగువనే పలుకుతాయి.

మరి తేడా ఎక్కడిదంటారా? మొదటిది, అల పొడవు. హైదరాబాద్ రేడియో 738 కిలోహెర్ట్జ్ మీద పంపిన అల పొడవు 400 మీటర్ల పైమాట. గుట్టలు దాటి ఊళ్లకు వచ్చేది. వైఫై అల 2.4 దగ్గర పన్నెండు సెంటీమీటర్లు, 5 దగ్గర ఆరు. 5 దగ్గర డేటా వేగం ఎక్కువే గాని, పొట్టి అల గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది.

రెండవది, యాంటెన్నా. అది బలాన్ని పుట్టించదు, పంచుతుంది. నిలువుగా నిలబెడితే చుట్టూ పంచి మేడమీదికి తక్కువ పంపుతుంది.

మూడవదే ముఖ్యం. రేడియోకు మనం బదులు చెప్పనక్కర లేదు. వైఫైకి ఫోను బదులు చెప్పాలి. దాని గొంతా చిన్నది! కనుక మంచి పెట్టెకు కావలసింది చెవి. ఖరీదు పెట్టినందుకు దక్కేవాటిలో అదీ ఒకటి.

జగిత్యాలలో మా పెద్దమ్మది పాత మట్టిగోడల ఇల్లు. కొడుకు దుబాయిలో ఉంటాడు. "వాని మాట నాకు ఇనబడ్తది బిడ్డా. నా మాటనే వానికి పోతలేదు. నేనుండంగనే 'అమ్మా, ఉన్నవా?' అని అడుగుతడు" అని కళ్లు తుడుచుకుంది. పెద్ద పెట్టె కొనడానికి డబ్బు కూడా తీసి ఉంచింది.

చూస్తే, ఉన్న పెట్టె ముందుగదిలో ఇనుప బీరువా వెనక దాగి ఉంది. ఇనుము అలలను వెనక్కి కొడుతుంది. లావుపాటి మట్టిగోడ మింగేస్తుంది. కొన్ని గజాల తీగ తెచ్చి పెట్టెను నడిమింట్లో ఎత్తున పెట్టించాను. ఆ రాత్రి పెద్దమ్మ వంటింట్లోంచే కొడుకుతో గంటసేపు మాట్లాడింది. తీసి ఉంచిన డబ్బు మళ్లీ పోపులడబ్బాలోకి వెళ్లింది.

మీరూ కొత్త పెట్టెకు బేరమాడే ముందు, పాతదాన్ని ఒకసారి బీరువా చాటునుంచి ఇవతలకు తెచ్చి చూడండి.