ఒక్క సెకండు కూడా కాదు!

పిల్లలూ, మనస్సును పరీక్షించే శాస్త్రం ఒకటి ఉంది. దాన్ని మనస్తత్వ శాస్త్రం అంటారు. దానికి ఎక్కడ బీజం పడిందో తెలుసా? చుక్కలను చూసే చోట!

ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాలకు మాస్కెలిన్ అధిపతిగా ఉన్న రోజుల్లో, కినెబ్రూక్ అనే యువకుడు ఆయనకు సహాయకుడు. దుర్భిణిలో నిలువుగా సన్నని తీగలు ఉంటాయి. చుక్క తీగను దాటిన క్షణాన్ని, గడియారం టిక్కుటిక్కులు వింటూ, సెకండులో పదో వంతు వరకు లెక్కకట్టి రాయాలి. కన్ను చుక్క మీద, చెవి గడియారం మీద!

1795లో కినెబ్రూక్ లెక్క మాస్కెలిన్ లెక్కకన్నా అర సెకండు ఆలస్యంగా వచ్చింది. ఆయన హెచ్చరించాడు. పాపం, అతను ఎంత జాగ్రత్త పడినా తేడా పెరిగిందే గాని తగ్గలేదు. 1796లో అది సెకండులో పదింట ఎనిమిది వంతులయింది. కినెబ్రూక్ ఉద్యోగం పోయింది.

ఇరవై యేళ్ళు గడిచాక ఈ సంగతి బెసెల్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రజ్ఞుడి కంట పడింది. తప్పు నిజంగా ఆ కుర్రవాడిదేనా అని ఆయనకు అనుమానం కలిగింది. 1820లో ఆయన కోనిగ్స్‌బర్గు పట్టణంలో మరొక శాస్త్రజ్ఞుడితో కలిసి ఒకే చుక్కలను చూశాడు. ఇద్దరూ ఆరితేరినవాళ్ళే. అయినా ఒక సెకండుకు పైగా తేడా వచ్చింది! కన్ను చూసినదాన్నీ చెవి విన్నదాన్నీ జతచేసుకోవటానికి మనస్సుకు కొంత వ్యవధి కావాలి. అది అందరికీ ఒకటి కాదు. ఈ మాట వినటానికి కినెబ్రూక్ బతికి లేడు.

వ్యవధి ఉంటే కొలవవచ్చు గదా! 1850లో అదే పట్టణంలో హెల్మ్‌హోల్ట్‌జ్ అనే ఆయన, కప్ప నరాన్ని కండరానికి దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి విద్యుత్తుతో తాకి, కండరం ముడుచుకోవటంలో వచ్చిన ఆలస్యాన్ని పట్టాడు. నరంలో వార్త సెకండుకు సుమారు 27 మీటర్లు పోతుందని తేలింది. మెరుపు వేగం కానేకాదు, ఎక్స్‌ప్రెస్ రైలు వేగం!

ఆయన వద్ద పనిచేసిన వుంట్ 1879లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో మనస్సుకోసమే ఒక ప్రయోగశాల పెట్టాడు. అంతవరకు మనస్సు ఎక్కువగా వేదాంతుల చర్చల్లో ఉండేది. ఇక్కడ, చప్పుడు వినగానే మీట నొక్కటానికి పట్టే కాలాన్ని సెకండులో వెయ్యో వంతు వరకు కొలిచారు.

మీరూ కొలుచుకోవచ్చు. మీ స్నేహితుణ్ణి కొలబద్దను నిలువుగా, సున్నా గుర్తు కిందికి వచ్చేట్టు పట్టుకోమనండి. సున్నా దగ్గర మీ వేళ్ళు తాకీ తాకకుండా ఉంచండి. అతను చెప్పకుండా వదిలేస్తాడు, మీరు పట్టుకోవాలి. 20 సెంటీమీటర్ల గుర్తు దగ్గర చిక్కితే మీకు సెకండులో అయిదో వంతు పట్టిందన్నమాట. తరువాత మీ తాతగారిచేత కూడా పట్టించి చూడండి.