నదుల లెక్కలకు తాళమేల?

మన గోదావరియు కృష్ణయు సహ్యాద్రిపై గురియు వానను నమ్ముకొన్నవి. వేసవిలో వాని గర్భమున ఇసుక తిన్నెలు తేలుట మనము ఏటేట జూచుచున్నదే. హిమాలయ నదుల తీరు వేఱు. శీతకాలపు మంచు కొండలపై నిలువయుండి, పైరునకు నీరు మిక్కిలి యవసరమగు వైశాఖ జ్యేష్ఠములలో గరగి దిగును. ఆ నిలువ యిప్పుడు తఱుగుచున్నది. 2011 నుండి 2020 వఱకు హిందూకుష్ హిమాలయములలోని హిమానీనదములు అంతకు ముందటి దశాబ్దముకంటె 65 శాతము వేగముగ గరగినవని కాఠ్మాండులోని అంతర్జాతీయ పర్వతాభివృద్ధి కేంద్రము 2023లో ప్రకటించినది. మంచుగా పడవలసినది వానగా పడుచున్నది. పడిన మంచు ముందే కరగుచున్నది. కొన్ని దశాబ్దములు నీరు హెచ్చవచ్చును గాక. అది చూచి మురియువారు అసలు తినుచు వడ్డీ యనుకొనువారు.

గంగ యెండిపోవునని బెదరించువారితో మే మేకీభవింపము. మైదానమున గంగకు ప్రధానాధారము ఋతుపవనము; మంచుపై మిక్కిలి యాధారపడినది సింధువు. 2035 నాటికే హిమానీనదములు మాయమగునని అంతర్ప్రభుత్వ వాతావరణ సంఘము 2007లో వ్రాసి, 2010లో తప్పొప్పుకొనినది. ఆ యొక్క తప్పును జూపి అంతయు కల్లయనువారు నేటికిని గలరు.

ఇట్టి వాదములకు మందు లెక్క యొక్కటే. ఆ లెక్క యెక్కడ? సింధు, గంగా, బ్రహ్మపుత్రల ప్రవాహ పరిమాణములు రహస్యపత్రముల వర్గమున జేర్పబడినవి. 2018 నాటి జలసమాచార విధానము సైతము ఆ తాళము తీయలేదు. పొరుగు రాజ్యములకు దెలియునను భయమట! ఆ మంచును పరదేశపు ఉపగ్రహములు ఆకాశమునుండి కొలుచుచునే యున్నవి. తెలియనిది ఆ నీరు త్రాగు మన ప్రజకే.

ఈ గోప్యత యెవరి నెత్తిపై బడునో సిక్కిము చూచినది. హిమానీనదము వెనుకకు తగ్గినకొలది పెరిగిన దక్షిణ ల్హొనాక్ సరస్సు 2023 అక్టోబరులో గట్టు తెంచుకొని, తీస్తానదిపై చుంగ్‌థాంగ్ వద్దనున్న 1200 మెగావాట్ల విద్యుత్ కేంద్రపు టానకట్టను ఊడ్చివైచినది. ఆ కట్టకు ఆధారమైన లెక్కలను లోయవాసులలో నెందఱు చూచియుందురు? 2025 జనవరిలో కేంద్రమువారి నిపుణసంఘము అచ్చటనే, అంతకంటె ఎత్తైన కట్టకు సమ్మతి దెలిపినది. తీస్తాయును బ్రహ్మపుత్రలో గలియునదే; దాని లెక్కలును ఆ తాళపు లోపలివే.

క్రొత్త కట్టకు కాంక్రీటు పోయకముందే, తీస్తాలో ఏ నెల నెంత నీరు పాఱినదో, పాఱుచున్నదో, కొలత కేంద్రముల వారీగ ప్రకటింపవలెనని మేము ప్రభుత్వమును అడుగుచున్నాము. పిమ్మట తక్కిన నదుల లెక్కలును వెలువడవలెను.