ఆపరేషన్‌కు కార్డుంది.. మాత్రల మాటేమిటి?

సూలూరు: కోయంబత్తూరు నుంచి తిరుచ్చి రోడ్డు మీద తూర్పుగా వస్తే సింగానల్లూరు దాటాక సూలూరు. మిల్లులు, మరమగ్గాల ఊరు. పెద్దవాళ్లున్న ఇళ్లలో షుగరు, బీపీ మాత్రల డబ్బా కనిపించడం ఇక్కడి తెలుగువారికి మామూలైపోయింది. గుండెకు ఆపరేషన్ చేయాల్సి వస్తే ప్రభుత్వ బీమా కార్డు ఉంది. అంతదాకా రాకుండా కాపాడే మాత్రను షాపులో కొనాలంటే మాత్రం ఆ కార్డు పనికిరాదు. పెద్ద జబ్బుకు భరోసా, రోజువారీ మందుకు సొంత జేబు. ఈ చిక్కు పేద ఊళ్లదే కాదు. అమెరికా, జర్మనీ కూడా దీనితోనే తంటాలు పడుతున్నాయి. వాళ్లు పట్టిన దారులు వేరు. ఆ రెండు దారుల ఆనవాళ్లూ సూలూరులో దొరుకుతాయి.

బేరమాడొద్దన్న చట్టం

షుగరుకు వాడే సిటాగ్లిప్టిన్ మాత్రనే తీసుకుందాం. అమెరికాలో ‘జనూవియా’ పేరుతో అమ్మే ఈ మందుకు 2023లో నెలకు జాబితా ధర 527 డాలర్లు. వృద్ధుల బీమా పథకం ‘మెడికేర్’ తరఫున ప్రభుత్వం కంపెనీతో బేరమాడితే 113 డాలర్లకు దిగింది. ఆ ధర అమల్లోకి వచ్చింది 2026 జనవరి 1న. మరి అన్నేళ్లూ ఎందుకు ఆడలేదంటే, ఆడకూడదని చట్టంలోనే రాసుకున్నారు కాబట్టి. 2003లో మెడికేర్‌కు మందుల బీమా కలిపినప్పుడు, కంపెనీల ధరల విషయంలో ప్రభుత్వం తలదూర్చరాదని షరతు పెట్టారు. 2022లో కొత్త చట్టం వచ్చాక గానీ ఆ కట్టు వీడలేదు. అదీ మొదటి విడతలో పది మందులకే. మెడికేర్‌లో లేనివారికి ఈ బేరం ధర హక్కు కాదు. 2023 నాటికి అసలు ఏ బీమా లేనివారే అక్కడ రెండున్నర కోట్ల పైమాట.

ఇదే మాత్రకు మన దేశంలో పేటెంటు గడువు 2022లో ముగిసింది. ఆ ఏడాదే జనౌషధి దుకాణాల్లో 50 మిల్లీగ్రాముల పది మాత్రలు 60 రూపాయలకు పెట్టారు. మందు తయారీ ఖర్చుకూ అమ్మకం ధరకూ ఎంత దూరముంటుందో దీన్ని బట్టే తెలుస్తుంది.

జర్మనీ సంగతి వేరు. 1883లో బిస్మార్క్ కాలంలోనే కార్మికుల ఆరోగ్య బీమా చట్టం చేశారు. కూలీ నుంచి కొంత, యజమాని నుంచి కొంత తీసి నిధిలో వేస్తారు. ఇప్పుడు పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఇలాంటి నిధుల్లోనే ఉన్నారు. చీటీ మీద రాసిన మందుకు రోగి ధరలో పదో వంతు ఇస్తే చాలు. సాధారణంగా అది 5 యూరోలకు తగ్గదు, 10కి మించదు. పిల్లలకు అదీ లేదు. 2011 నుంచి కొత్త మందు వస్తే పాతదాని కంటే అది ఏ మేరకు మెరుగో ముందు తేలుస్తారు, ఆ తర్వాత నిధులన్నీ ఒక్కటై ధర మాట్లాడతాయి. పేటెంటు లేని మందులకైతే టెండర్లే. అంతమందికి కలిపి కొనేవాడు వచ్చి నిలబడితే ఏ కంపెనీ అయినా దిగిరాక తప్పదు గదా!

మిల్లుకో తీరు, మగ్గానికో తీరు

జర్మనీ పద్ధతి కోయంబత్తూరుకు కొత్త కాదు. ఈఎస్ఐ అంటే అదే. 1948 నాటి చట్టం అది. తమిళనాడులో 1955లో కోయంబత్తూరులోనే మొదలైంది. ఈ ప్రాంతపు మిల్లు కార్మికులకు సింగానల్లూరు ఈఎస్ఐ ఆస్పత్రి బాగా తెలుసు. 2019 నుంచి కార్మికుడి జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. మందులకు వేరే ఖర్చు లేదు.

కానీ ఇంటి పక్కనే షెడ్డు వేసుకుని నాలుగు మరమగ్గాలు ఆడించేవాడి సంగతేమిటి? పదిమందికి లోపు పనిచేసే చోట ఈఎస్ఐ సాధారణంగా నిర్బంధం కాదు. ఒకే ఊళ్లో, ఒకే నూలు పని. మిల్లు గేటు లోపల ఉన్నవాడికి జర్మనీ, బయట ఉన్నవాడికి అమెరికా.

బయట ఉన్నవాడిని ఆదుకుంటున్నది ప్రధానంగా బీమా కార్డు కాదు, 1994లో పెట్టిన తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్. ప్రభుత్వ ఆస్పత్రులన్నింటికీ కావలసిన మందులను ఇది ఒక్కటే కొంటుంది. కంపెనీ పెట్టిన పేరుతో కాదు, మందు అసలు పేరుతో. ల్యాబు పరీక్షలో పాసైన సరుకే జిల్లా గోదాముల నుంచి ఆస్పత్రులకు కదులుతుంది. ప్రతి ఆస్పత్రికీ పాసుబుక్కు ఉంటుంది, అందులో ఉన్న మొత్తం మేరకు తెచ్చుకోవచ్చు. రాజస్థాన్ 2011లో ఈ పద్ధతినే తీసుకుంది. పెద్ద ఆర్భాటం లేని పథకం. ఎన్నికల పోస్టర్‌కు పనికొచ్చే బొమ్మ ఇందులో దొరకదు.

ఆంధ్రలో ఆర్భాటమంతా ఆరోగ్యశ్రీది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెల్లకార్డు వాళ్లు కార్పొరేట్ ఆస్పత్రి మెట్లెక్కారు, ప్రాణాలు దక్కించుకున్నారు. అది చిన్న విషయం కాదు. సరిహద్దు ఇవతలి వాళ్లు ‘మనకూ ఉంటే బాగుండును’ అనుకునే లోపే 2009లో ఇక్కడ కలైంజర్ బీమా వచ్చింది. 2012లో ముఖ్యమంత్రి సమగ్ర బీమాగా మారింది. అయితే ఇలాంటి పథకాలు ప్రధానంగా ఆస్పత్రిలో చేరాకే తలుపు తీస్తాయి. ఇంటిదగ్గరుండి నెలనెలా మింగే మాత్రలు ఆ లెక్కలోకి రావు. ఆస్పత్రిలో చేరని రోగుల సొంత ఖర్చులో పెద్ద వాటా మందులదే. ఆపరేషన్ల పరిమితి ఎన్ని లక్షలకు పెంచినా ఆ ఖర్చు తగ్గదు.

చౌకకూ ఒక హద్దుంది. ధరలు మరీ బిగిస్తే తయారుచేసేవాళ్లు తప్పుకుంటారు. 2022-23 చలికాలంలో జర్మనీ అంతటి దేశంలో పిల్లల జ్వరం సిరప్ దొరకలేదు. మరుసటి ఏడాది చట్టం తెచ్చి పిల్లల మందులకు ధరల బిగింపు సడలించారు. ఇక్కడా టెండరు ఎంత గట్టిదైనా, కౌంటరులో మాత్ర ఉన్నప్పుడే అది ఉచితం.

మరో చిక్కు సమయానిది. ఉచిత మాత్ర కోసం పొద్దున్నే వరుసలో నిలబడితే మగ్గం ఆగుతుంది, పూట కూలి పోతుంది. 2021 ఆగస్టులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న కృష్ణగిరి జిల్లాలో ప్రారంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’ ఈ సంగతిని పట్టించుకుంది. షుగరు, బీపీ మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు. 2025 ఫిబ్రవరిలో రాష్ట్రమంతటా వెయ్యి ‘ముదల్వర్ మరుందగం’ దుకాణాలు కూడా తెరిచారు. అక్కడ తక్కువ ధరే గానీ ఉచితం కాదు. మగ్గం షెడ్డులో పనిచేసేవాడు ఇప్పుడు అడగాల్సింది రెండే: ఇంటికి మాత్రలు తెచ్చే జాబితాలో తన పేరుందా, వచ్చే నెల మాత్రలు ఈ నెలవి అయిపోకముందే వస్తాయా.