పంది కోసం పెట్టిన తీగ

తమిళనాట కోవిల్‌పట్టి, విరుదునగర్ నల్లరేగడి నేలల్లో వాన పడితే మొక్కజొన్న, మినుము, పెసర వేస్తారు. కంకి పాలు పట్టగానే అడవి పందులు దిగుతాయి. తిన్నదానికన్నా తొక్కి పడేసేదే ఎక్కువ. కురుమలై వైపు జింకలు, ఊరూరా నెమళ్లు. నాటుకోళ్లకు ముంగిస, నక్క, కుక్కల బెడద సరేసరి. తరతరాలుగా అక్కడ సేద్యం చేసుకుంటూ ఇంట్లో తెలుగే మాట్లాడే కమ్మవారు, రెడ్లు, నాయకర్లకు ఇది ఏటా వచ్చే కష్టం. పలమనేరు, కుప్పం రైతులకూ ఇది తెలియని బాధ కాదు.

రాత్రంతా కాపలా కాయలేక కొందరు దగ్గర్లోని కరెంటు లైనుకు కొక్కెం తగిలించి చేను చుట్టూ వైరు లాగుతున్నారు. పంది చచ్చినా చావకున్నా, తెల్లారకముందే గడ్డికి పోయినవాడి ప్రాణం పోతుంది. అతను పక్క పొలం రైతు కావచ్చు, కూలీ కావచ్చు, వైరు కట్టినవాడి సొంత మనిషే కావచ్చు. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర ఇలాంటి తీగకే మూడు ఏనుగులు బలయ్యాయి. రైతు జైలుపాలయ్యాడు.

సోలార్ కంచె వేరు, కొక్కెం కంచె వేరు. లైను కరెంటు 230 వోల్టులు ఆగకుండా పారుతుంది, పట్టుకున్న చెయ్యిని వదలదు. సోలార్ కంచె పెట్టె 12 వోల్టుల బ్యాటరీ నుంచి వేల వోల్టుల దెబ్బ పంపుతుంది గానీ, అది సెకనులో నూరో వంతుకు మించదు, మళ్లీ దెబ్బకు కనీసం సెకను పడుతుంది. జంతువు ఝల్లుమని పారిపోతుంది, చావదు. అయితే దానికీ పోషణ కావాలి. తీగకు గడ్డి తగిలినా, ఎండకు రేగడి బీటలిచ్చి ఎర్త్ అందకపోయినా కంచె ఉత్తి తీగే. పందికి కింది తీగ జానెడు ఎత్తున, కోళ్ల దొడ్డికి బెత్తెడు ఎత్తున ఉండాలి, లేకుంటే ముంగిస కిందనుంచి దూరుతుంది. నెమలిని మాత్రం ఏ కంచే ఆపదు!

తమిళనాడు ప్రభుత్వం 2023లో విద్యుత్ కంచెల నమోదుకు నిబంధనలు తెచ్చింది. రిజర్వు అడవికి 3 కిలోమీటర్ల అవతల పొలాల్లో పడే పందులను అటవీ సిబ్బంది కాల్చవచ్చని 2025 జనవరిలో అనుమతించింది. సోలార్ కంచెకు వ్యవసాయ ఇంజనీరింగ్ శాఖ ద్వారా రాయితీ పథకమూ పెట్టింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ రాయితీ పోను మిగతా డబ్బు రెండెకరాల మెట్ట రైతు ఎక్కడ తెస్తాడు? కొక్కేనికి పైసా ఖర్చు లేదాయె. ఈ తేడా ఉన్నన్నాళ్లు కేసులు ఎన్ని పెట్టినా వైర్లు లేస్తూనే ఉంటాయి.

ఎకరా చేను చుట్టూ ఒక వరస తీగకే సుమారు 250 మీటర్లు కావాలి. నూరెకరాలు కలిపి వేస్తే ఎకరా వాటాకు 25 మీటర్లు చాలు. అందుకే రాయితీని ఒంటరి రైతుకు కాక, ఊరి పొలాలన్నీ కలిపే ఉమ్మడి కంచెకు ఇవ్వాలి. ఆశ్వయుజంలో విత్తనం పడకముందే అధికారులు ఊళ్లకు వెళ్లి దరఖాస్తులు రాయించుకోవాలి. కంకి దశలో రాత్రిపూట లైన్లు తనిఖీ చేసే పని విద్యుత్ సిబ్బందిది.