ఆలోచన ఎవడబ్బ సొత్తు?

"ఫిలాసఫీ చదివి ఏం జేస్తవ్ బిడ్డా? కడుపు నింపుతదా?" ఇంటర్ పాసైన మా బన్సీలాల్‌పేట్ పిల్లలు బి.ఏ.లో తత్వశాస్త్రం చదువుతామంటే ముందు పడే మాట ఇదే. అమ్మానాయనలు అడిగితే అది ఆకలి భయం, తప్పుపట్టం. అడ్మిషన్ల కాడి పెద్దమనుషులు అడిగితే అది కులం మాట.

ఇది ఉన్నోళ్ల చదువంటారు. అబద్ధం! సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నాడు? అక్కడే చదివిన చుట్టం పాత పుస్తకాలిచ్చాడు గనక, ఖర్చు తప్పింది గనక! పేద బ్రాహ్మడికి పుస్తకాలిచ్చే చుట్టం దొరికాడు. తరతరాలు బడి గడప తొక్కనివ్వని మా వాడకు ఆ చుట్టం ఎక్కడినుంచి వస్తాడు?

1913లో కొలంబియా చేరిన అంబేద్కర్ పట్టాలు అర్థశాస్త్రానివి. అయినా జాన్ డ్యూయీ తత్వశాస్త్రం క్లాసుల్లో కూర్చున్నాడు. 1936లో ‘కుల నిర్మూలన’ రాసి, కులం వేర్లు శాస్త్రాల పవిత్రతలో ఉన్నాయని తేల్చాడు. కులాన్ని నిలబెట్టింది కర్రొక్కటే కాదు, కర్మ సిద్ధాంతం కూడా. దాన్ని కూల్చే తర్కం మన చేతికి రావద్దా?

ఇక కాలేజీ సంగతి. బోర్డు మీది ఫీజు చూసి మోసపోవద్దు. ప్రైవేటు సీటు రీయింబర్స్‌మెంట్ మీద నడుస్తది. ఆ బకాయిల కోసమే 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. సర్కారు బాకీ పడితే సర్టిఫికెట్లు ఆగేది మన పిల్లలవే. అందుకే ముందు సర్కారు, యూనివర్సిటీ కాలేజీలు చూడండి. దోస్త్‌లో ఆప్షన్ పెట్టకముందే పోయి అడగండి: ఫిలాసఫీ గ్రూపు ఈ ఏడు నిజంగా నడుస్తదా? చెప్పే లెక్చరర్ ఉన్నాడా? తెలుగులో పరీక్ష రాయొచ్చా? ఎస్సీ హాస్టల్లో చోటుందా? పని చేసుకుంటూ చదివేటోళ్లకు ఇగ్నో దూరవిద్య బి.ఏ.లోనూ ఈ సబ్జెక్టుంది. పుస్తకాలకు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది.

లెక్చరర్ లేని గ్రూపు కాగితం మీది గ్రూపే. బాబాసాహెబ్ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోని ఔరంగాబాద్‌లో మిలింద్ కాలేజీ పెట్టింది దయ చూపడానికి కాదు, హక్కు చూపడానికి. ఆ హక్కుతోనే అడుగుతున్నాం: సర్కారు డిగ్రీ కాలేజీల్లో తత్వశాస్త్రం పెట్టాలి, పోస్టులు నింపాలి!

మా మెట్లబావి ఏండ్ల తరబడి చెత్త కింద పూడిపోయింది. చెత్త ఎత్తిపోస్తే నీళ్లు ఊరినయి, 2022లో బావి తెరిచారు. మన పిల్లల మీద పోసిన చెత్తనూ ఎత్తిపోయాల్సిందే.

జై భీమ్!